పచ్చ ఇంకు, పగిలిన పైపు

ఆ రోజుల్లో ఉప్పల్‌లో విలేకరి అనిపించుకోవడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఒక పెన్ను, చొక్కా జేబులోంచి తల బయటపెట్టి చూసే చిన్న పుస్తకం, ఎవరేమన్నా నొచ్చుకోని మనసు ఉంటే చాలు. బండి మీద 'ప్రెస్' అన్న స్టిక్కరు ఉంటే ఇంకా మంచిది. (నాకు బండి లేదు కనుక దాన్ని మా నాయిన సైకిలుకు అంటించాను. మర్నాడు ఆయన ఫ్యాక్టరీకి వెళితే గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడట. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా దాన్ని గోటితో గీకేశాడు.) అప్పటికి మెట్రో స్తంభాలు లేవు. స్టేడియం ఇంకా కడుతూనే ఉన్నారు. రింగు రోడ్డు మీద నిలబడితే నాగోల్ వైపు ఖాళీ జాగాలు, బోడుప్పల్ వైపు మొక్కల కంటే ఎక్కువగా మొలిచిన ప్లాట్ల హద్దురాళ్లు కనిపించేవి. ఇప్పుడు ఆ చౌరస్తాలో తలెత్తి చూస్తే ఆకాశం కూడా ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. నా పాతికేళ్ల వయసు అక్కడే ఎక్కడో ఒక స్తంభం కింద పడి ఉందని నా అనుమానం.

మాది నాచారంలో ఫ్యాక్టరీల వెనక బస్తీ. మా నాయిన నల్లగొండ వైపు నుంచి వచ్చి అక్కడే ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర ఫిట్టరుగా కుదిరాడు. డిగ్రీ చదివిన కొడుకు పొద్దంతా టీ హోటల్లో కూర్చుని సాయంత్రానికి వేళ్లకు నల్లరంగు పూసుకుని ఇంటికి రావడం ఆయనకు మింగుడు పడేది కాదు. నేను ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్ని. అంటే వార్త కావాల్సి వస్తే పత్రిక వాళ్లు మనవాడే అంటారు, పోలీసులు అడిగితే ఎవరో తెలియదంటారు. నెల తిరిగేసరికి వచ్చేది టీలకు సరిపోయేది, బిస్కెట్లకు కాదు. చివరికి ఒకరోజు మా నాయిన తీర్పు చెప్పేశాడు. "ఉగాది దాంక సూస్త. అప్పటిదాంక ఆ పేపరోళ్లు నిన్ను ఉద్యోగంల వెట్టుకుంటే సరే. లేకుంటే ఉగాది తెల్లారి నా ఎంబడి ఫ్యాక్టరీకి రావాలె. సూపర్‌వైజర్‌తోని మాట్లాడిన" అన్నాడు. ఆ మర్నాటి నుంచి ఫ్యాక్టరీ సైరన్ మోగినప్పుడల్లా అది నన్నే పేరు పెట్టి పిలుస్తున్నట్టు ఉలిక్కిపడేవాణ్ని. పత్రికలో మా డెస్క్ ఇన్‌ఛార్జికి ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకుంటే, "ఏదైనా అవార్డు గివార్డు తెచ్చుకో, స్టాఫ్ రిపోర్టర్ సంగతి అప్పుడు చూద్దాం" అని పెట్టేశాడు. అవార్డులు కిరాణా కొట్లో దొరుకుతాయనుకున్నాడో ఏమో.

ఇక మా పని తీరు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు నమ్మకం కలగదు. ఉప్పల్ రింగు రోడ్డు పక్కన ఒక ఇరానీ హోటల్ ఉండేది. అక్కడ మూడు పేపర్ల కంట్రిబ్యూటర్లం రోజూ సాయంత్రం చేరేవాళ్లం. అందరికంటే పెద్ద ఎడిటర్ మామ. (ఆయన ఏ పేపరుకూ ఎడిటర్ కాదు. మా రాతల్లో ఏది కనిపించినా కొట్టేస్తాడని ఆ పేరు వచ్చింది.) రెండోవాడు లూనా అన్న. ఆయన లూనా బండికి హారన్ లేదు, ఆయన దగ్గే హారన్. మూడోవాణ్ని నేను. చేతిరాత బాగుంటుందని రాసే పని నాకు అప్పగించారు. తెల్లకాగితాల మధ్య రెండు కార్బన్ పేపర్లు పెట్టి, వేలు వంకర పోయేదాకా నొక్కి రాసేవాణ్ని. పైకాపీ పెద్దరికం కొద్దీ ఎడిటర్ మామకు, రెండోది లూనా అన్నకు, అడుగున చంద్రుడి మీద మచ్చలా మిగిలింది నాకు. ఎవరికి దొరికిన వార్త అయినా సాయంత్రం టీ నాటికి అందరిదీ కావాలి. ఒక్కడే దాచుకోవడం పంక్తిలో వలపక్షం చేసినంత పాపం. అందుకే ఉప్పల్ వార్తలు మూడు పేపర్లలో చదివినవాళ్లకు మూడు రెట్లు నమ్మకం కుదిరేది.

ఆ చలికాలంలో మా బస్తీలో ఒక విశేషం నా కంటపడింది. మా వీధి చివరింట్లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది. ఎర్ర రిబ్బన్ల రెండు జడల పిల్ల. రోజూ సాయంత్రం బడి వదలగానే మెయిన్ రోడ్డు మలుపు దగ్గర కనిపించేది, మరుక్షణం మా గుమ్మం దాటేది. వీపు మీద సంచి ఎగురుతూ, చేతిలో నీళ్ల సీసా ఊగుతూ, పిలిస్తే పలకకుండా, కుక్క అడ్డం వస్తే దాని మీంచి దూకి, ఇంట్లోకి దూరి తలుపు వేసుకునేది. నాకు విషయం అర్థమైపోయింది. మన నాచారం గడ్డ మీద ఒక పరుగుల రాణి పుడుతోంది, దాన్ని లోకానికి చూపించే భాగ్యం నాకు దక్కింది. 'నాచారం చిరుత' అని హెడ్డింగు కూడా రాసి పెట్టుకున్నాను. మొదటిరోజు మర్యాదగా ఆగమ్మా అన్నాను, ఆగలేదు. మరునాడు పెన్నూ పుస్తకం పట్టుకుని దారికడ్డంగా నిలబడ్డాను, నన్ను కూడా కుక్కను దాటినట్టే దాటేసింది. ఆ తర్వాతి రోజు మా నాయిన చేతి గడియారం పట్టుకుని టైము చూసుకుంటూ ఆ పిల్ల వెనకే పరుగెత్తాను. పెళ్లికాని కుర్రవాడు ఆడపిల్ల వెంట పరుగెత్తితే బస్తీ ఏమనుకుంటుందన్న ఆలోచన, పక్కింటావిడ చీపురు తిరగేసి ఎదురొచ్చేదాకా నాకు రాలేదు.

ఆ చీపురుకు మా అమ్మ అడ్డం పడింది. మర్నాడు ఆ పిల్లను, వాళ్లమ్మను కూడా ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, ఏ పోటీకి తయారవుతున్నావు బిడ్డా అని అడిగింది. నేను తలుపు పక్కన పెన్ను మూత తీసి నిలబడ్డాను. ఆ పిల్ల మొదట వాళ్లమ్మ కొంగు చాటుకు పోయింది. తర్వాత మెల్లగా అంది. "పోటీ లేదు ఏం లేదు పెద్దమ్మా. బడిల బాత్రూముకు తాళమేసిన్రు. నీళ్లు రావంట. పొద్దుగాల పోతే మల్ల ఇంటికొచ్చేదాంక ఆపుకోవాలె. గందుకే ఉరుకుడు."

మరి నీళ్లు తాగవా అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కనుక. తాగితే పోవాల్సి వస్తది కదా అని, బడికి తీసుకెళ్లిన సీసా చూపించింది. పొద్దున అమ్మ నింపిన నీళ్లు మూతి దాకా అలాగే ఉన్నాయి. ఆ మాట చెప్పి, నా ముఖం చూసి నాకేదో నష్టం జరిగిందనుకుందేమో, ఓదార్పుగా ఇంకో మాట కూడా అంది. "నేనొక్కదాన్నే గాదన్నా, మేమందరం ఉరుకుతం. మా ఇల్లు దూరం గదా, నేను జర ఎక్కువ ఉరుకుత."

నాకు చాలా బాధ వేసింది. ఆ చిరుత హెడ్డింగు రాసిన కాగితం చింపేశాను. అదే ఊపులో వార్త రాయడానికి కూర్చున్నాను. అయితే బాధ వేసినప్పుడు నాకు గ్రాంథికం వచ్చేది. 'స్త్రీమూర్తిని దేవతగా కొలిచే ఈ పుణ్యభూమిలో' అని మొదలుపెట్టి, నదులు, పర్వతాలు, స్వాతంత్ర్య పోరాటం అన్నీ దాటి మూడో కాగితానికి గానీ బడి గేటు దగ్గరికి రాలేదు. సాయంత్రం హోటల్లో ఎడిటర్ మామ దాన్ని చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కన్నీళ్లు వచ్చాయేమోనని నేను పొంగిపోయాను. "బాత్రూము కాడికి పోయేటందుకు గింత దూరం తిప్పుతవేందిరా?" అన్నాడాయన. "ఆ పిల్లకు ఎట్లాగూ ఉరుకుడు తప్పుత లేదు. సదివేటోనికి గూడ ఉరుకుడేనా?" పుణ్యభూమి నుంచి పర్వతాల దాకా ఒక్క గీతతో కొట్టేసి, 'మేమందరం ఉరుకుతం' అన్న ఆ పిల్ల మాటను మొదట పెట్టమన్నాడు. నాకు కోపం వచ్చింది గానీ రాశాను. పిల్ల పేరు రాయొద్దని కూడా ఆయనే చెప్పాడు. రెండు కార్బన్లు, మూడు కాపీలు.

మూడు పేపర్లలోనూ ఒకే రోజు వచ్చింది. నాచారం కదిలిపోయింది. కనీసం ఒక జీపు కదిలింది. అందులోంచి ఒక అధికారి దిగి, తాళం తీయించి, తలుపు పక్కన నిలబడి ఫొటో దిగి, పెద్ద మేడంను (బడి ప్రధానోపాధ్యాయురాలిని అందరూ అలాగే అనేవారు) పిల్లల ముందే చెడామడా తిట్టి వెళ్లిపోయాడు. నేను 'వార్తకు స్పందన' అని మరో ఐటెం రాశాను, ఫొటోతో సహా. అది అచ్చయిన రోజు సాయంత్రం పేపరు మడిచి చంకలో పెట్టుకుని గుమ్మంలో రాజసంగా కూర్చుని ఉంటే, ఎర్ర రిబ్బన్ల పిల్ల నా ముందు నుంచి ఎప్పటిలాగే ఉరుక్కుంటూ పోయింది. పాపం, అలవాటైపోయింది కాబోలు అనుకున్నాను. అంత తెలివి ఉండేది నాకు ఆ రోజుల్లో.

అప్పుడే వచ్చింది ఆ ప్రకటన, పేపర్లో ఒక మూల, చిన్న డబ్బాలో. పిల్లల కోసం పనిచేసే సంస్థ ఒకటి, బాలల హక్కుల మీద మంచి వార్తలు రాసిన విలేకరులకు అవార్డులు ఇస్తుందట. వార్త జిరాక్సు మీద గెజిటెడ్ అధికారి సంతకం చేయించి పంపాలట. అవార్డు, స్టాఫ్ రిపోర్టర్, సైరన్‌కు సెలవు. వరుసగా మూడూ కళ్ల ముందు కనిపించాయి. ఆ సాయంత్రం హోటల్లో ఆ మాట ఎత్తకుండా టీ తాగాను. జీవితంలో మొదటిసారి వార్త దాచాను. (ఎందుకో ఆ రోజు ఎడిటర్ మామ, లూనా అన్న కూడా పెద్దగా మాట్లాడలేదు. చలి వల్ల అనుకున్నాను.)

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, గెజిటెడ్ సంతకం దగ్గర. పచ్చ ఇంకుతో సంతకం పెట్టే మనిషి ఉప్పల్‌లో ఎక్కడ దొరుకుతాడు? మండల ఆఫీసులో సారు మీద మేం అంతకు ముందు వారమే ఒక ఐటెం రాశాం, ముగ్గురం, కార్బన్లతో సహా. సర్కారు దవాఖానా డాక్టరు సెలవులో ఉన్నాడు. వాకబు చేస్తే మా బస్తీకి దగ్గరలో పచ్చ ఇంకు పెన్ను ఉన్నది ఒక్కరికే అని తేలింది. ఆ బడి పెద్ద మేడంకే. అంటే ఎవరిని పేపర్లో ఎక్కించానో ఆవిడ దగ్గరికే వెళ్లి, ఎక్కించిన మాట నిజమేనని సంతకం పెట్టమని అడగాలి. ఉగాది దగ్గర పడుతోంది. అవార్డుకు పంపే గడువు ఇంకా దగ్గర పడుతోంది. వెళ్లాను.

పెద్ద మేడం గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చినావిడ. కళ్లజోడుకు గొలుసు కట్టి మెడలో వేసుకునేది. నేను జిరాక్సును చాలా తెలివిగా మడిచి, హెడ్డింగు లోపలికి పోయి, సంతకం పెట్టాల్సిన ఖాళీ మాత్రమే పైకి కనిపించేలా బల్ల మీద పెట్టాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఆ మడతలన్నీ ఓపిగ్గా విప్పి, మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"బాగా రాశావయ్యా" అంది. "ఈ 'పట్టించుకోని ప్రధానోపాధ్యాయురాలు' నేనేగా?"

ఆ మాట డెస్కులో పెట్టారని గొణిగాను. (నిజానికి ఎడిటర్ మామ కొట్టేయబోతే బతిమాలి ఉంచుకున్న మాట అది.) ఆవిడ కోపగించుకోలేదు, దానికే నాకు భయం వేసింది. "నువ్వు రాశావు. ఆఫీసరు వచ్చాడు, తిట్టాడు, వెళ్లాడు. నీళ్లు మాత్రం రాలేదు" అంది. "నేను సరదాకి తాళం వెయ్యలేదు బాబూ. నీళ్లు లేని బాత్రూము తెరిచిపెడితే రెండు రోజుల్లో ఆ పక్క తరగతిలో పిల్లలు ముక్కు మూసుకుని కూడా కూర్చోలేరు. పైపు ఎక్కడో పాడైంది. ఎవరికి చెప్పినా రాసివ్వండి అంటారు. రాసిచ్చి రాసిచ్చి నా చెయ్యి నీ చెయ్యి కంటే ఎక్కువ అరిగింది." జిరాక్సును మళ్లీ నేను మడిచినట్టే మడిచి నా చేతిలో పెట్టి, "నీళ్లు రానియ్యి, సంతకం పెడతాను" అంది.

బయటికి వచ్చాక గానీ అర్థం కాలేదు, ఆ పిల్ల అలవాటు కొద్దీ ఉరకడం లేదని. నా 'స్పందన' ఐటెం అచ్చు కావడానికి ముందే ఆ తాళం మళ్లీ పడిపోయింది.

ఒక ప్లంబరును పట్టుకొచ్చాను. అతను గోడలన్నీ తట్టి చూసి, మొత్తం లైను మార్చాలని చెప్పి, టీ తాగొస్తానని వెళ్లినవాడు ఇప్పటికీ తాగుతూనే ఉన్నాడు. ఇక పైపుల గురించి తెలిసిన మనిషి నాకు తెలిసినంతలో ఒక్కడే మిగిలాడు. ఆయన నన్ను ఫ్యాక్టరీలో చేర్చాలని చూస్తున్నాడు. ఆ ఫ్యాక్టరీ తప్పించుకోవడానికే నాకు అవార్డు కావాలి. ఆ అవార్డుకు సంతకం కావాలి, సంతకానికి నీళ్లు కావాలి, నీళ్లకు ఆయనే కావాలి. అన్నం తినేటప్పుడు విషయమంతా చెప్పేశాను, చివర్లో అవార్డు సంగతి కూడా. మా నాయిన పచ్చిపులుసు పోసుకుని అన్నం కలుపుకున్నాడు. తర్వాత, ఆ ఉరికే పిల్ల బడేనా అని మాత్రం అడిగాడు. అవునన్నాను. "ఆదివారం పోదాం. నువ్వు గూడ రావాలె, పానలందియ్య" అన్నాడు. నన్ను ఉగాదికి ముందే పరీక్ష చేసుకోవాలన్న ఎత్తు అందులో ఉందని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఆ ఆదివారం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది, అయినా చెబుతాను. మా నాయిన సంచిలోంచి తీసిన పానా నా చెయ్యంత పొడుగు ఉంది. బాయిలర్ల ఇనుప పైపులతో కుస్తీ పట్టిన మనిషి ఆయన. బడిలో ఉన్నది ప్లాస్టిక్ పైపు. దాన్ని చూడగానే ఆయన ముఖం, పెళ్లిభోజనానికి పిలిచి ఉప్మా పెట్టినట్టు అయిపోయింది. చిన్న పానా అడిగితే నేను పెద్దది ఇచ్చాను. పెద్దది అడిగితే సుత్తి ఇచ్చాను. చుట్టమని ఇచ్చిన తెల్ల టేపును పైపుతో పాటు నా వేలికి కూడా కలిపి చుట్టేశాను. మరను చేతిలో పెట్టి జాగ్రత్త అంటే, ఎంత జాగ్రత్తగా పట్టుకున్నానంటే అది జారి సరిగ్గా మోరీలోనే పడింది. పెద్ద మేడం ఆదివారమైనా ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకుని, వరండాలో కుర్చీ వేసుకుని మమ్మల్ని పరీక్ష హాల్లో పిల్లల్ని చూసినట్టు చూస్తూ కూర్చుంది. చివరికి పాడైన జాగా దొరికింది. మా నాయిన పైపును ఒకవైపు నన్ను పట్టుకోమని, రెండోవైపు తను పానా వేసి తిప్పాడు. నేను పట్టుకున్నాను. ఫట్‌మని చప్పుడైంది. ఆ తర్వాత కాసేపు ఎవరికీ ఏమీ కనిపించలేదు, నీళ్లు తప్ప.

ఇన్నాళ్లూ రాని నీళ్లన్నీ ఒక్కసారే వచ్చాయి. నేను తడిశాను, మా నాయిన తడిశాడు, వరండా, కుర్చీ, అందులో ఉన్న గెజిటెడ్ అధికారి కూడా తడిశారు. మా నాయిన నీళ్లలోంచే "పట్టుకోరా అంటే పట్టుకునుడు గూడ రాదు నీకు" అని అరిచాడు. మెయిన్ వాల్వు కట్టేసి, ఆయన సైకిలు మీద ఉప్పల్ దాకా వెళ్లి కొత్త పైపు ముక్క తెచ్చి, నన్ను ఈసారి దేన్నీ ముట్టుకోవద్దని దూరంగా నిలబెట్టి, సాయంత్రానికి పని ముగించాడు. నల్లా తిప్పితే బుసబుసమని గాలి, తర్వాత తుప్పురంగు, తర్వాత తెల్లటి నీళ్లు వచ్చాయి. ఆయన ఆ నీళ్లతోనే ముఖం కడుక్కుని, నా చేతుల వైపు చాలాసేపు చూశాడు, మార్కెట్లో వంకాయలు చూసినట్టు. పెద్ద మేడం కొంగు పిండుకుంటూ లోపలికి వెళ్లి పచ్చ ఇంకు పెన్ను తెచ్చి, జిరాక్సు మీద సంతకం పెట్టి, మా నాయినకు కాఫీ పోసింది. నాకు పొయ్యలేదు.

కొన్నాళ్లకు కిరాణా కొట్టు ఫోన్‌కు కబురు వచ్చింది, ఎంపిక కమిటీ వాళ్లు మాట్లాడాలంటున్నారని. రమ్మన్నది ఉగాదికి ముందురోజే. హోటల్లో మిగతా ఇద్దరికీ, సైనిక్‌పురిలో చుట్టాల పిల్లకు చెవులు కుట్టిస్తున్నారని చెప్పి సెలవు తీసుకున్నాను. విచిత్రంగా ఆ రోజే లూనా అన్నకు పన్ను పీకించుకునే పని పడింది. ఎడిటర్ మామ భువనగిరిలో ఎవరినో పరామర్శించాలన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సు దిగి వాళ్లు రమ్మన్న హాలు మెట్ల దగ్గరికి వెళ్లేసరికి, అక్కడ ఒక లూనా, దాని పక్కన లూనా అన్న. నన్ను చూడగానే గబుక్కున చెంప మీద చెయ్యి పెట్టుకున్నాడు. కంగారులో కుడిచెంప మీద పెట్టుకుని, మాట్లాడుతూ ఎడమచెంపకు మార్చుకున్నాడు. ఇద్దరం ఒకరి చెప్పులు ఒకరం చూసుకుంటూ నిలబడి ఉంటే, ఆటోలోంచి తెల్లలాల్చీలో ఎడిటర్ మామ దిగాడు. మమ్మల్ని చూసి ఏమాత్రం తొణక్కుండా, "భువనగిరి గిదేనా?" అన్నాడు.

లోపల ఒక ముసలి పెద్దమనిషి, ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. బల్ల మీద మూడు జిరాక్సులు పక్కపక్కనే పరిచి ఉన్నాయి. మొదటి వాక్యం నుంచి ఆఖరి చుక్క దాకా మూడూ ఒకటే. మూడింటి కిందా ఒకే పచ్చ సంతకం. పెద్దమనిషి మా ముగ్గురినీ మార్చి మార్చి చూసి, ముగ్గురూ విడివిడిగా ఇంత ఒకేలా ఎలా ఆలోచించారో తెలుసుకుందామని పిలిపించామన్నాడు. నేను నేల చూశాను. లూనా అన్న హారన్ కొట్టాడు, అంటే దగ్గాడు. పెద్దమనిషి 'మేమందరం ఉరుకుతం' అన్న మొదటి మాట మీద వేలు పెట్టి, ఇది మాత్రం ఎవరు రాశారని అడిగాడు. నేనే అనడానికి నా నోరు సగం తెరుచుకుంది. ఉగాది రేపే. అయినా ఆ సీసా గుర్తొచ్చి మళ్లీ మూసుకున్నాను. అప్పుడు ఎడిటర్ మామ లేచి నిలబడి అన్నాడు. "ఆ మాట ఆ పిల్లది సార్. మిగిలినదంత కార్బన్ పేపర్‌ది."

వాళ్లు నవ్వారు. అందులో ఒకావిడైతే కళ్లు తుడుచుకునేంత నవ్వింది. మాకు కడుపునిండా భోజనం పెట్టారు, పెరుగన్నం దాకా. అవార్డు మాత్రం వేరే జిల్లా విలేకరికి ఇచ్చారు. న్యాయమే.

బయటికి వచ్చి ముగ్గురం మెట్ల మీద కూర్చున్నాం. ఎడిటర్ మామే నన్ను అడిగాడు. "సంతకానికి పెద్ద మేడం నీతోని ఏం జేయించింది?" చెప్పాను, పైపు, నీళ్లు, అన్నీ. లూనా అన్న తలపట్టుకున్నాడు. ఆయనతో వాళ్ల బావమరిది కొట్లోంచి పెద్ద డ్రమ్ములు, బకెట్లు, చెంబులు మోయించిందట. డ్రమ్మును లూనా మీద పెట్టుకుని నాచారం రోడ్డు మీద వస్తుంటే, డ్రమ్ము నడుచుకుంటూ వస్తోందనుకుని జనం పక్కకు జరిగారట. ఎడిటర్ మామ వంతు మరీ ఘోరం. మున్సిపాలిటీలో ఆయనకున్న పరపతినంతా వాడించి, నిండిపోయిన సెప్టిక్ ట్యాంకును బండి పెట్టించి ఖాళీ చేయించింది. అది పూర్తయ్యేదాకా ఆయన్ను ముక్కుకు రుమాలు కట్టుకుని పక్కనే నిలబడమందట. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకుండా, వచ్చినవాణ్ని వచ్చినట్టు పనిలో పెట్టింది ఆ మహాతల్లి. "ఊకెనే గెజిటెడ్ అయితరా మరి" అని ఎడిటర్ మామ నవ్వడం మొదలుపెట్టాడు. లూనా అన్న రెండు చెంపలూ మర్చిపోయి నవ్వాడు. నేనూ నవ్వాను, ఇంటికి బస్సు ఎక్కేదాకా.

ఇంటికి వచ్చేసరికి బస్తీలో గుమ్మాలకు మామిడాకులు కడుతున్నారు. మా నాయిన డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుని, రాలేదు అన్నాను. ఆయన తలూపాడు. ఫ్యాక్టరీ సైరన్ మోగింది. అది ఎల్లుండి నాకే అనుకున్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు మలుపు దగ్గర ఎర్ర రిబ్బన్లు కనిపించాయి. బడిలో నల్లా బాగయ్యాక ఆ వేళకు నేను గుమ్మంలో ఉండడం అదే మొదటిసారి. నేను అలవాటుగా కాళ్లు దగ్గరికి లాక్కున్నాను. ఆ పిల్ల రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. కిరాణా కొట్టు దగ్గర ఆగింది, రేగుపళ్లు కొనుక్కుంది, స్నేహితురాలితో ఏదో చెప్పి పడీ పడీ నవ్వింది, సీసా ఎత్తి గటగటా నీళ్లు తాగింది. తర్వాత చెప్పులు ఈడ్చుకుంటూ, ఉన్న సమయమంతా తనదే అన్నట్టు నడిచి వచ్చింది. మా గుమ్మం ముందు ఆగి, నా వైపు చూసి, "ఏందన్నా, ఇయ్యాల ఉరుకవా?" అని అడిగి, ఒక రేగుపండు నా చేతిలో పెట్టి వెళ్లింది.

మా నాయిన ఆ పిల్ల ఇంట్లోకి వెళ్లేదాకా చూశాడు. "గిది రాయవా?" అన్నాడు.

"ఏం రాయాలె నాయినా? పిల్ల నడుసుకుంట ఇంటికొచ్చింది. గందుల వార్తేమున్నది?"

"ఉరికితే వార్తనంటివి. నడిస్తే గాదా?" నా చేతుల వైపు మళ్లీ అలాగే చూశాడు. "సూపర్‌వైజర్‌కు వద్దని చెప్పిన. నిన్ను బాయిలర్ కాడ నిలవెడితే నాచారమంత లేసిపోతది. నీ చేతికి పెన్నే నయం. రాసుకో."

అలా నేను అవార్డు వల్ల కాదు, పైపు విరగ్గొట్టడం వల్ల విలేకరిగా మిగిలాను. స్టాఫ్ రిపోర్టర్ కావడానికి ఇంకా ఎన్ని ఉగాదులు పట్టాయో చెబితే మీరు జాలిపడతారు. తెలంగాణ వచ్చే నాటికి మాత్రం అయ్యాను. ఆ ఏడే ఒకరోజు మా నాయిన, అప్పటికి రిటైరయ్యాడు, మా అమ్మతో అంటుంటే పక్కగదిలోంచి విన్నాను. ఆ పైపు వాడు విరగ్గొట్టలేదట. ప్లాస్టిక్‌దని మరిచిపోయి తనే గట్టిగా తిప్పాడట. విని, దగ్గకుండా, కదలకుండా అక్కడే కూర్చున్నాను. ఆయన పోయేదాకా ఆ మాట నాకు తెలుసని చెప్పలేదు.

పిల్ల రేగుపండు ఇచ్చిన ఆ సాయంత్రం ఆయన చెప్పినట్టే ఐటెం రాశాను. ఒక పిల్ల బడి నుంచి నడుచుకుంటూ ఇంటికి వచ్చిందని. కార్బన్ పెట్టలేదు, ఒకటే కాపీ. డెస్క్ ఇన్‌ఛార్జి ఫోన్ చేసి, పండగపూట భంగు తాగావా, నడవడం వార్త ఎలా అవుతుంది అని చెత్తబుట్టలో వేశాడు. ఇప్పటికీ సాయంత్రాలు నాచారం వైపు వెళితే బడి వదిలే వేళకు ఆగుతాను. పిల్లలు ఫోన్లు చూసుకుంటూ, తోసుకుంటూ, తీరిగ్గా నడిచి వస్తుంటారు. వాళ్లను చూస్తుంటే, చేతిగడియారం పట్టుకుని రొప్పుతూ పరుగెత్తే ఒక బక్కపల్చని కుర్రవాడు కూడా కనిపిస్తాడు. ఆగరా, అది పరుగు పందెం కాదు అని చెప్పాలనిపిస్తుంది, కానీ వాడు వినేరకం కాదు. వాడు రాసిన ఐటెంలలో ఆ ఒక్కటే అచ్చు కాకుండా మిగిలిపోయింది. ఇదిగో, ఇన్నాళ్లకు మీరు చదివారు. నడిచినా వార్తేనని మా నాయినకు చెప్పాల్సింది.